ఎవుల్నడిగి సూపించినారు?

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాను. మా చర్చికి వచ్చే పెద్దావిడ ఒకరు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు.

"నిన్ను టీవీలో చూశామమ్మా. మీ ఆయన గురించి ఎంత బాగా చెప్పావు! మా ఇంటిల్లిపాదీ ఏడ్చేశాం" అన్నారు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఏ టీవీలోనూ ఏమీ చెప్పలేదు. మా ఆయన పోయి అప్పటికి మూడో ఏడు నడుస్తోంది. ఆయన ఆఖరి రోజుల గురించి నేను ఎక్కడా నోరు విప్పలేదు, ఒక్క చోట తప్ప. ఆ చోటు గుర్తుకొచ్చేసరికి చెప్పులు వేసుకోవడం మరచిపోయి అలాగే నిలబడిపోయాను.

మాది కాశీబుగ్గ. పలాసకి అవతల ఒక ఊళ్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయనది ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఊరు. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్లలో అక్కడ ఏ వీధికి వెళ్లినా కిడ్నీ జబ్బు మాటే. నిన్నటిదాకా చెట్లెక్కి కాయలు దింపిన మనిషి నీరసమని కూర్చునేవాడు. తర్వాత కాళ్లు వాచేవి, అన్నం సహించేది కాదు. రక్తపరీక్షలో కిడ్నీ ఎంతవరకు పాడైందో చెప్పే అంకెని మావాళ్లు "సీరం" అనేవారు. బస్సులో ఎదురైన చుట్టాన్ని, "ఏటి, బాగున్నావా?" అని అడిగిన నోటితోనే "సీరం ఎంతుంది?" అని అడిగేవారు. మా ఆయన సీరం పెరుగుతూ పోయింది. ఆయన పోయారు.

ఆ రోజుల్లో మా ఊళ్లకి ఎవరెవరో జీపుల్లో వచ్చేవారు. మా రక్తం తీసుకెళ్లేవారు, మూత్రం తీసుకెళ్లేవారు, మా బావుల్లో నీళ్లు సీసాల్లో నింపుకుని వెళ్లేవారు. ఏం తేలిందో చెప్పడానికి మాత్రం ఎవరూ వెనక్కి వచ్చేవారు కాదు. అందుకే ఒక స్వచ్ఛంద సంస్థ టెక్కలిలో మేడమీద వాటా అద్దెకు తీసుకుని, "మీకేం కావాలో మీరే చెప్పండి, మేం వింటాం" అన్నప్పుడు ఆ మాట మాకు చాలా కొత్తగా వినబడింది. రోగులు, రోగుల ఇంటివాళ్లు కలిపి పదిమంది దాకా సలహా సంఘంగా ఏర్పడ్డాం. జీతం లేదు. బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం. నెలకోసారి వెళ్లి కింద చాపల మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. మందులు పలాసలో దొరక్కపోవడం గురించి, పరీక్ష కోసం విశాఖపట్నం దాకా వెళ్లి కాగితం లేదని తిరిగి రావడం గురించి, డాక్టర్లు మొహం చూడకుండా రాసిచ్చే చీటీల గురించి.

ఆ ఆఫీసు చూసుకునే కోఆర్డినేటర్ విశాఖపట్నం మనిషి. నెమ్మదిగా, గౌరవంగా మాట్లాడేవారు. మొదటి రోజే అందరికీ చెప్పారు: "ఇక్కడ మీరు ఏం చెప్పినా ఈ గది దాటదు. మీ పేరు, మీ జబ్బు, మీ ఇంటి సంగతి అన్నీ మా దగ్గర భద్రంగా ఉంటాయి. మనసులో ఉన్నది చెప్పండి." ఆ మాట నమ్మే మేం మనసులో ఉన్నది చెప్పాం.

ఆ సంఘంలో నా పక్కన కూర్చునే ఆమె బారువ దగ్గర సముద్రం ఒడ్డున ఉండే పేట నుంచి వచ్చేది. భర్త వేటకి వెళ్తాడు. ఆమె చేపలు ఇసకలో ఎండబెట్టి, మెత్తళ్లు, కవళ్లు లాంటి ఎండుచేపలు గంపకెత్తుకుని పలాస తెచ్చి అమ్మేది. నాకంటే చిన్నది. మొదటి రోజు నా మోచేతి మీద తట్టి, "నువ్వు టీచరువి గదప్పా, నాను తప్పు మాటాడితే దిద్దీ" అంది. మావైపు అక్కని 'అప్ప' అంటారు. తర్వాత ఆమె మాటలు దిద్దవలసిన అవసరం ఎవరికీ రాలేదు. మా అందరిలోకీ సూటిగా మాట్లాడేది ఆమే. "మీ డాకటేరు నీలు తక్కువ తాగమంతాడు. ఎండలో గంప మోసీవోలు ఎలగ తాగకుండా ఉంతారో ఆ బావునొచ్చి సూపించమను" అంటే కోఆర్డినేటర్ గబగబా రాసుకునేవారు.

ఒక నెల మీటింగుకి ఎవరో కెమెరా పట్టుకుని వచ్చారు. మూడు కాళ్ల స్టాండు మీద పెట్టి మావైపు తిప్పారు. ఆమె వెంటనే అడిగింది.

"ఆ కెమెరా ఎందుకు బావూ?"

"మన ఆఫీసు రికార్డు కోసమేనమ్మా. మీటింగు జరిగిందని పైవాళ్లకి చూపించాలి కదా" అన్నారు కోఆర్డినేటర్.

"పైవోలంటే ఎవులు?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. జవాబు మాత్రం చెప్పలేదు.

ఆ రోజు మాట్లాడవలసిన విషయం, జబ్బుని ఇంట్లో ఎందుకు దాచుకుంటున్నారు అని. ముందుగా ఆమే చెప్పింది. "నాకీ జబ్బున్నట్టు మా ఇంటాయనికి తప్ప ఎవులికీ తెల్దు. మా అత్తకి తెల్దు. పేటలో తెల్దు. తెలిస్తే నా సేప ఎవులు కొంతారు? గంప నెత్తికెత్తీటప్పుడు కళ్లు తిరుగుతాయి. ఇసకలో కూకుండిపోతాను. ఎవులైనా అడిగితే ఎండ దెబ్బంతాను."

ఆమె అంత చెప్పాక నేనూ దాచలేకపోయాను. మా ఆయన సంగతి చెప్పాను. విశాఖపట్నం తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయిస్తే ఇంకొన్నాళ్లు ఉంటారని డాక్టరు అన్నాడనీ, ఆయనే వద్దన్నారనీ చెప్పాను. "తమ్ముడు ఇదే చేయించుకుంటూ ఎలా పోయాడో చూశాను. నేను ఇంట్లోనే ఉంటాను. అమ్మకి మాత్రం చెప్పకు. డాక్టరే లాభం లేదన్నాడని చెప్పు" అన్నారు ఆయన. నేను అలాగే చెప్పాను. మా అత్తగారు నాతోనే కాశీబుగ్గలో ఉంటారు. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి. ఆవిడకి డాక్టరే వద్దన్నాడన్న మాటే ఇన్నాళ్లూ కాస్త ఆసరా.

ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికి ఎలా నడిచానో నాకే తెలియదు. మోకాళ్ల నొప్పుల వల్ల మా అత్తగారు ఆరాధనకి రారు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉన్నారు. టీవీ ఆపేసి ఉంది. నన్ను చూసి తల తిప్పుకున్నారు.

పలాస కేబుల్ వాడు పొద్దుటి సినిమాకీ మధ్యాహ్నం సినిమాకీ మధ్య మా మీటింగు వేశాడు. వారమంతా వేశాడట, మేం బడికీ పనులకీ పోయే వేళల్లో. మా అత్తగారి కంట ఆ ఆదివారమే పడింది. మర్నాడు బడికి సెలవు పెట్టి నేనూ చూశాను. ముందు ఎండిన కొబ్బరి చెట్లు, వెనక ఏడుపు వచ్చేలాంటి పిల్లనగ్రోవి. తర్వాత నా మొహం. మొహం కింద పసుపుపచ్చ అక్షరాల్లో నా ఇంటిపేరు, పేరు, ఊరు. తర్వాత ఆమె మొహం. దాని కిందా పేరు, పేట పేరు, పక్కన "కిడ్నీ వ్యాధిగ్రస్తురాలు" అని. "తెలిస్తే నా సేప ఎవులు కొంతారు?" అన్న మాట దగ్గర బొమ్మని ఆపి, మొహాన్ని దగ్గరగా పెద్దది చేసి చూపించారు. ఎవరికీ తెలియదని ఆమె చెప్పుకున్న మాటనే ఊరందరికీ వినిపించారు. చివర్లో సంస్థ పేరు, సాయం చేయదలచినవాళ్లు రాయవలసిన చిరునామా.

నేను ఏడవలేదు. ఏడుపు వచ్చే చోట కోపం వచ్చి కూర్చుంది. ఆ సినిమా తీసినవాడికి మా బాధ అర్థమైంది. ఎక్కడ ఆపితే చూసేవాళ్లు కరిగిపోతారో కూడా బాగా తెలిసింది. మమ్మల్ని ఒక్క మాట అడగాలన్నది మాత్రం తట్టలేదు.

మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పళ్లెం ముందు పెడితే, చెయ్యి పెట్టకుండా అన్నారు.

"ఆడు నన్ను బాధెట్టకూడదని సెప్పనేదు. అది నాకు తెలుస్తంది. నువ్వు ఆడి మాట నిలబెట్టినావు. అదీ తెలుస్తంది. ఎప్పుడో ఒకనాడు నువ్వే నా పక్కన కూకుని సెప్పుందువు, నాను ఇనుందును. ఆ టీవీవోడు ఎవుడమ్మీ, నా కొడుకు సంగతి నాకు సెప్పడానికి?"

ఆవిడ పక్కన కూర్చుని, ఆ రోజు ఆసుపత్రిలో జరిగినదంతా మొదటినుంచీ చెప్పాను. ఇద్దరం అప్పుడు ఏడ్చాం. అది మా ఇంట్లో, మేం ఎంచుకున్న రోజున జరగవలసిన ఏడుపు. దాన్ని ఎవరో లాక్కుని, పిల్లనగ్రోవి కలిపి ఊరందరికీ పంచిపెట్టారు.

మరుసటి రోజు సోంపేట బస్సెక్కి, అక్కడినుంచి బారువ వైపు వెళ్లే ఆటోలో ఆమె పేటకి వెళ్లాను. ఇసకలో పరిచిన వలల మీద మెత్తళ్లు ఆరుతున్నాయి. పక్కనే అమ్ముడుపోని పాత సరుకు గంపల్లో అలాగే ఉంది. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"సూసినావా అప్పా?" అంది.

"చూశాను."

"పలాసలో నన్ను కూకోనివ్వలేదు. రోజూ నాకాడ కొనీ ఆవిడే, 'నీకా జబ్బుందంట గదే, ఆ సేతుల్తో పట్టుకున్న సేప మాకేటికి?' అంది. ఇది అంటుకునీ జబ్బు కాదమ్మా అన్నాను. 'నీకేటి తెలుసు, నువ్వేటి డాకటేరువా?' అంది. పక్కనున్నోలు నా గంప జరిపీసినారు, ఆల గంపకి తగలకుండా."

ఆమె అత్త లోపల్నుంచి వచ్చి, చెంబుతో నీళ్లు నా చేతికిచ్చి, మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆ ఇంట్లో కూడా మా ఇంట్లోలాగే రెండు రోజుల మౌనం నడిచిందని ఆ నడకలోనే తెలిసింది. భర్త వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు. "ఎవులికీ సెప్పకు అంది, నాను మా అమ్మకీ సెప్పనేదు. ఆ సదువుకున్నోలకి అంతమాత్రం నోరాగలేదేటి?"

ఆమె లేచి, చీర మార్చుకుని వచ్చింది.

"పదప్పా, టెక్కలి ఎల్దాం. ఎవుల్నడిగి సూపించినారో అడుగుదాం."

టెక్కలి ఆఫీసుకి మేం వెళ్లేసరికి కోఆర్డినేటర్ ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు. మమ్మల్ని చూసి ఫోను పెట్టేసి, "రండి రండి, మీరిద్దరూ ఇప్పుడు స్టార్లు! విశాఖపట్నంలో మన వీడియో చూసి ఎంతమంది మెచ్చుకున్నారో" అన్నారు.

నేను నిలబడే అడిగాను. "మా మొహాలు టీవీలో వెయ్యడానికి మీకు ఎవరు ఒప్పుకున్నారు?"

ఆయన నవ్వు ఆగింది. "మేడమ్, అదంతా అవేర్‌నెస్ కోసమే. జనానికి తెలియాలి కదా."

"ఏ జనానికి? ఉద్దానంలో కిడ్నీ జబ్బుందని ఉద్దానం వాళ్లకి చెప్పడానికి మా మొహాలు కావాలా?"

"మీరు సంతకాలు పెట్టారు కదా మేడమ్."

"రక్తపరీక్ష ఫలితం ఆఫీసులో ఉంచడానికని చెప్పి పెట్టించారు. కేబుల్ టీవీ మాట ఎప్పుడు చెప్పారు? ఈమెకి చదువు రాదు. ఆ కాగితంలో ఏముందో ఈమెకి చదివి వినిపించింది ఎవరు?"

ఆయన ఏదో అనబోయారు. అంతలో ఆమె ముందుకొచ్చి, చాలా మామూలు గొంతుతో, "బావూ, నీకేటి జబ్బుంది?" అంది.

"నాకా? నాకేం లేదమ్మా."

"మరి మీ ఆవిడికి? మీ అమ్మకి? మీ ఇంట్లో ఎవులికో ఏదో ఉంతాది గదా. సెప్పు, ఇంతాను."

ఆయన మొహం ఎర్రబడింది. "మా ఇంటి సంగతి మీకెందుకమ్మా?" అన్నారు, కాస్త గట్టిగా.

"అదే నానూ అడుగుతున్నాను. నా ఇంటి సంగతి పలాసకెందుకు? నాను నీకు సెప్పినాను. పలాసకి సెప్పనేదు."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. అప్పుడు నేను ఆ గదిని మొదటిసారి సరిగ్గా చూశాను. గోడ మీద అట్ట ఒకటి వేలాడుతోంది. అందులో మా సంఘం వాళ్లందరి ఫోటోలు, పేర్లు, ఊళ్లు, ఎవరికి జబ్బు ఏ దశలో ఉందో, ఎవరికి ఫోను ఉంటే ఆ నెంబరు. ఆ గదిలోకి మందుల కంపెనీల వాళ్లు వస్తారు, పత్రికల వాళ్లు వస్తారు, ఇంటి అద్దె కోసం ఓనరు వస్తాడు. పసరు మందుతో కిడ్నీ బాగుచేస్తామని నా ఇంటికి ఫోను చేసి, మా ఆయన పేరు పెట్టి అడిగిన మనిషికి ఆ నెంబరు ఎక్కడ దొరికిందో నాకు అప్పుడు తెలిసింది. చనిపోయిన మనిషికి మందు అమ్ముతానని వచ్చిన ఫోను అది. మా కాగితాలున్న బీరువాకి తాళమే లేదు. తలుపు సగం తెరిచి ఉంది.

"మీ సంస్థ నడిపే డాక్టరమ్మ విశాఖపట్నం నుంచి వచ్చేవరకు మేం ఇక్కడినుంచి కదలం" అన్నాను.

కదలలేదు. మా సంఘంలో మిగిలినవాళ్లకి కబురు పెట్టాం. మర్నాటికి చాలామంది వచ్చారు. అందరిదీ ఒకే మాట కాదు. కవిటి వైపు కొబ్బరి రైతు ఒకాయన, సంఘంలో అందరికంటే పెద్దాయన, "నాకేటి తప్పు కనబడనేదు. నా మనవలు నన్ను టీవీలో సూసి గంతులేసినారు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం ఆయన్ని ఏమీ అనలేదు.

"నీకు బాగుంటే సూపించుకో తాతా. నిన్నడిగితే నువ్వు సరే అంతావు. నన్నడిగితే నాను ఒల్ల అంతాను. అడగాల గదా."

ఆయన "అదీ నిజమేలే" అని మా పక్కన చాప మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి విశాఖపట్నం నుంచి పెద్ద డాక్టరమ్మ కారులో వచ్చారు. సంస్థకి ఆవిడే పెద్ద. నెరిసిన జుట్టు, నేత చీర. మంచి మనిషేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ రాగానే ఆవిడ అన్న మాట నేను మరచిపోలేను. "మీరు పడ్డ కష్టం మాకు తెలుసు. మీ సేవని గుర్తించి వచ్చే నెల అందరికీ శాలువాలు కప్పి సన్మానం చేద్దామనుకుంటున్నాం" అన్నారు.

శాలువాలు! ఆమె చేప కొనేవాళ్లు లేక గంపల్లో పుచ్చిపోతుంటే, మా అత్తగారు కొడుకు చావుని రెండోసారి టీవీలో చూస్తే, మాకు శాలువా కప్పుతారట. దాన్ని కూడా ఫోటో తీస్తారు కాబోలు.

"మాకు శాలువాలొద్దు డాక్టరుగారూ. ఆ కేబుల్‌లో వస్తున్నది ఈ రోజే ఆగాలి. ఆ గోడ మీది అట్ట మీరున్నప్పుడే దిగాలి" అన్నాను.

ఆవిడ గోడవైపు చూశారు. అట్ట దగ్గరికి వెళ్లి చదివారు. చదువుతూ చదువుతూ ఒక్కసారిగా కోఆర్డినేటర్ వైపు తిరిగి, "ఇది ఎవరు పెట్టారు?" అన్నారు. ఆవిడే కుర్చీ జరిపి ఆ అట్ట దింపారు.

అయినా అంత తేలిగ్గా తేలలేదు. దాతలు రోగి మొహం చూడకపోతే కరగరనీ, వాళ్లు కరగకపోతే ఈ పని ముందుకు సాగదనీ ఆవిడ చాలాసేపు చెప్పారు. అబద్ధం చెప్పలేదని నాకూ తెలుసు. కానీ ఆ మాట వింటుంటే కోపం ఇంకా పెరిగింది.

"సాగకపోతే ఆపెయ్యండి. మా గుట్టు బయటపెట్టి మాకు మందులు తేవొద్దు. అలా తెచ్చిన మందు మా గొంతు దిగదు" అన్నాను. అంత గట్టిగా నేను బడిలో పిల్లల మీద కూడా అరవలేదు.

ఆ సాయంత్రం దాకా కూర్చుని ఒక్కొక్కటే మాట్లాడి తేల్చుకున్నాం. మా కాగితాలు తాళం వేసిన బీరువాలో ఉండాలి. ఎవరు తీశారో, ఎందుకు తీశారో మాకు తెలియాలి. ఫోటో గానీ వీడియో గానీ ప్రతిసారీ మనిషిని అడిగే తియ్యాలి, ఎక్కడ చూపిస్తారో ముందే చెప్పాలి, తీసినదాన్ని మాకు చూపించాకే బయటికి వెళ్లాలి. రిపోర్టుల్లో పేరు, ఊరు ఉండకూడదు. సంతకం పెట్టించే కాగితం తెలుగులో ఉండాలి, చదువు రానివాళ్లకి పైకి చదివి వినిపించాలి. ఒల్లనంటే వైద్యం ఆగదని అందులోనే రాయాలి. సంఘంలోంచి వెళ్లిపోయేవాళ్లు తమ కాగితం తాము పట్టుకెళ్లొచ్చు. ఈ ఆఖరి మాట ఆమెది. దానికి డాక్టరమ్మ ముందు ఒప్పుకోలేదు. రికార్డు పోతుందన్నారు. "నా పేరు నాది గదమ్మా" అని ఆమె అంటే, ఇక కాదనలేకపోయారు.

డాక్టరమ్మ, నేను అదే కారులో పలాస వెళ్లి కేబుల్ వాడి దగ్గర ఆపించాం. వాడు, "ఏటమ్మా, జనం ఇట్టంగా సూత్తన్నారు" అన్నాడు. ఆవిడ తన చేత్తో ఆ సీడీ తీసుకున్నారు. కానీ అప్పటికే ఎన్ని సీడీలు ఎవరెవరికి పంచారో ఆఫీసులో ఎవరికీ తెలియదు. కొన్ని వెనక్కి వచ్చాయి, కొన్ని రాలేదు. చాన్నాళ్ల తర్వాత కోటబొమ్మాళిలో ఏదో వైద్య శిబిరంలో నన్ను పెద్ద తెర మీద చూశామని మా చుట్టాలు చెప్పారు. బీరువాకి తాళం పడింది గానీ, బయటికి పోయిన మా మాట తిరిగి లోపలికి రాలేదు.

ఆమె ఆ నెలే సంఘం మానేసింది. టెక్కలి వచ్చి, తన కాగితాలన్నీ అడిగి తీసుకుంది. కోఆర్డినేటర్ వెంటనే తీసి చేతికిచ్చారు. వాటిని ఇంటికి పట్టుకెళ్లి పొయ్యిలో పెట్టానని తర్వాత చెప్పింది. పలాస బజారు వదిలేసి, ఇచ్ఛాపురం అవతల ఒడియా మాట్లాడే ఊళ్ల సంతలకి వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దున్నే బస్సు, అక్కడినుంచి ఇంకో బండి, జబ్బు మనిషికి అంత దూరం. "అక్కడ నన్నెవులూ ఎరగరు. నా సేపని సేపలాగే సూత్తారప్పా" అంది. ఆ మాట నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను సంఘంలో ఉండిపోయాను. ఒప్పుకున్నవన్నీ చేస్తున్నారో లేదో చూడ్డానికే ఉన్నాను. వెళ్లినప్పుడల్లా ముందు బీరువా తాళం లాగి చూసేదాన్ని. కోఆర్డినేటర్ మొదట్లో చిన్నబుచ్చుకునేవారు. కొన్నాళ్లకి అలవాటుపడి, కొత్తగా చేరినవాళ్లకి కాగితం తెలుగులో నెమ్మదిగా చదివి వినిపించి, "ఇష్టం లేకపోతే మానెయ్యండి, మీ మందులు మీకు వస్తాయి" అని తనే చెప్పడం విన్నాను. ఒక ముసలమ్మ "ఫోటో ఒల్ల నాయినా" అంటే, సరేనని కెమెరా పక్కన పెట్టేశారు. మంచిదే. కానీ ఆయన ఆ పాఠం నేర్చుకోవడానికి ఎవరి బతుకు ఖర్చయిందో నాకు తెలుసు గనక, ఆ మంచిని చూసి సంతోషించడం నావల్ల కాలేదు.

ఇంకొన్నేళ్లకి ఆమె ఒళ్లు సహకరించడం మానేసింది. సంతలు ఆగిపోయాయి. రక్తం శుద్ధి కోసం విశాఖపట్నం వెళ్లివచ్చేది. నేను వెళ్లినప్పుడల్లా చేతులు చూపించి, "సూడప్పా, సూదులు గుచ్చి గుచ్చి ఎలగైపోయినాయో" అనేది. ఒక వానాకాలంలో పోయింది.

దినం అయ్యాక కోఆర్డినేటర్ నాతోపాటు ఆ పేటకి వచ్చారు. సంస్థ వాళ్లు వేసే చిన్న పుస్తకంలో ఆమె గురించి రాయాలని డాక్టరమ్మ అనుకున్నారట. ఆయన ఆమె భర్త ఎదురుగా ఇసకలో కూర్చుని, ఏం రాస్తారో, ఏ ఫోటో వేస్తారో, అది ఎవరెవరికి వెళ్తుందో అంతా వివరంగా చెప్పి, "మీకు ఇష్టమేనా?" అని అడిగారు.

భర్త సముద్రం వైపు చూస్తూ, "తన మొకం నలుగురికీ సూపించడం దానికిట్టం నేదు బావూ" అన్నాడు.

కోఆర్డినేటర్ ఇంకేమీ అడగలేదు. తలూపి, వాళ్లిచ్చిన టీ తాగి లేచారు.

తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుని, "ముందుగా వచ్చి అడగడం మంచిదైంది కదా మేడమ్" అన్నారు. నిజంగానే మంచి మనసుతో అన్నారు.

"ఈ ఒక్క మాట ఆవిణ్ణి ఆ రోజు కెమెరా ముందు అడిగుంటే, ఇచ్ఛాపురం అవతలిదాకా గంప మోసుకుంటూ పోయేది కాదండీ" అన్నాను.